మొక్కల పాఠం: జామాయిల్ చెట్టుతో మొదలుపెట్టండి

"మొక్కలు ఎందుకు ముఖ్యం?" అని అడిగితే మన పిల్లలు ఠక్కున "ఆక్సిజన్" అనేస్తారు. తప్పు కాదు. కానీ పాఠం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. పైగా, భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలో తేలే, కంటికి కనపడని జీవులదే. అందుకని తిండితో మొదలుపెట్టండి. ఎండ, నీళ్ళు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ - వీటితో ఆకు తిండి వండుకుంటుంది. మనకీ, ఏ జంతువుకీ ఆ వంట చేతకాదు. కిరణజన్య సంయోగక్రియ అనే పేరు పెద్ద తరగతులకి చెప్పండి; చిన్నవాళ్ళకి "ఆకు వంట" చాలు.

ఇక్కడి పిల్లలకి కోలాను మించిన ఉదాహరణ లేదు. అది బతికేది దాదాపు పూర్తిగా గమ్ ట్రీ ఆకుల మీదే. ఆ ఆకుల్లో సత్తువ తక్కువ, విషగుణం కూడా ఉంటుంది. అందుకే తిన్నది అరిగించుకుంటూ రోజులో ఎక్కువసేపు నిద్రపోతుంది. 700కు పైగా రకాల చెట్లున్నా అది తినేవి కొన్నే. అడవులు కొట్టేయడం, 2019-20 కార్చిచ్చులు, రోగాలు, కరువు అన్నీ కలిసి, 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, ఏసీటీలలో కోలాను అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుగా ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడ తల్లిదండ్రుల సాయం కావాలి. గమ్ ట్రీ అంటే మన జామాయిల్ చెట్టే. ఫోన్‌లో అమ్మమ్మనో తాతయ్యనో పిల్లల చేత అడిగించండి: "మీ వైపు జామాయిల్ తోటలున్నాయా? ఎందుకు వేస్తారు? ఆకు మేకలు తింటాయా?" కాగితం మిల్లుకి వేస్తారనీ, పశువులు ముట్టవనీ చాలామంది చెబుతారు. ఇక్కడ ఒక జంతువుకి అన్నం పెట్టే చెట్టు, అక్కడ కలప.

నల్లతుమ్మది తిరగేసిన కథ. మన ఊళ్ళలో దాని కాయలు మేకలకి మేత, పుల్ల మనకి పళ్ళు తోముకోడానికి. నీడకీ మేతకీ పనికొస్తుందని 1890లలో క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు. ఇప్పుడది గడ్డి మైదానాలను ముళ్ళపొదలుగా మార్చేస్తోంది. గడ్డి పోతే పశువులకి మేత ఏది? కాబట్టి "చెట్లు నాటండి" అని వదిలేయకుండా, ఏ మొక్క, ఎక్కడ, ఎవరికి తిండి అని అడిగించండి.

ఒక మాట: తరగతిలో చూపించడానికని ఇండియా నుంచి విత్తనాలు, కరివేపాకు మొక్కలు తేవద్దు. పెట్టెలో ఉండిపోతే ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చెయ్యండి.

రాలిన గమ్ ఆకు ఒకటి చాలు. నలిపి వాసన చూడమనండి. జలుబుకి ఆవిరి పట్టే నీలగిరి తైలం ఈ జాతి చెట్లదే. తొడిమ, ఈనె, అంచు అనే మాటలు ఆ ఆకు మీదే వేలు పెట్టి నేర్పవచ్చు.