పసిబిడ్డ ఎదుగుదల – పల్లె లెక్క

"వీడు పుట్టినప్పట్నుంచీ సన్నమే సిస్టరుగారూ, వాళ్ళ నాన్న పోలిక" అని తల్లులు మాతో అంటుంటారు. పోలిక కావచ్చు. తిండి చాలకా కావచ్చు. ఏదన్నది కంటికి తెలియదు, కాటాకు తెలుస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. ఇది రాష్ట్రం లెక్క. మరి మన వీధిలో ఎందరు? అది మన అంగన్‌వాడీ లెక్కే చెప్పాలి. 2021 నుండి ఈ వివరాలను పోషణ్ ట్రాకర్‌లో ఫోనులో కూడా నమోదు చేస్తున్నారు.

1950ల చివర్లో నైజీరియాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ డేవిడ్ మోర్లీ, బిడ్డ బరువు గుర్తించే కార్డును తల్లుల చేతికే ఇచ్చారు. మీ దగ్గరున్న తల్లీబిడ్డల కార్డులోని గీతలు అలాంటివే.

చదవడం కష్టం కాదు. గీత పైకి పోతే మంచిది. అడ్డంగా సాగితే హెచ్చరిక. కిందికి దిగితే ప్రమాదం. ఆకుపచ్చ భాగంలోనే ఉన్నా, రెండు నెలలు బరువు పెరగకపోతే చూపించండి.

ఒక్క బిడ్డ గీత దిగితే అది ఆ ఇంటి సంగతి. ఒకే వీధిలో, ఒకే నెలలో పదిమంది గీతలు దిగితే? నీళ్ళు చెడి విరేచనాలు పట్టుకున్నాయేమో. ఊడ్పులకు వెళ్ళిన తల్లులు పొద్దుపోయేదాకా రాక పిల్లలకు వేళకు తిండి లేదేమో. అప్పుడు పది సీసాల మందుకన్నా బోరు బాగుచేయించడం, పగలు పిల్లలకు పెట్టే మనిషిని ఏర్పాటు చేసుకోవడం మేలు.

కొండ గూడేల పిల్లలు, వలస వెళ్ళే కూలీల పిల్లలు తరచు ఈ లెక్కకు అందరు. లెక్కలో లేని బిడ్డకు సాయమూ అందదు. ఊరు వెళ్తే కార్డు వెంట తీసుకెళ్ళండి, అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించండి.

ఎదుగుదలంటే బరువొక్కటే కాదు. ఈ కిందివి కనిపిస్తే ఆలస్యం చేయక తీసుకురండి:

• 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోవడం
• 18 నెలలకు నడవకపోవడం
• రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పకపోవడం
• ఆరు నెలలు దాటి అయిదేళ్ళలోపు బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెం.మీ. కన్నా తక్కువ ఉండడం

ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నం, గుడ్డు, చోడి జావ పెట్టండి. బిడ్డతో మాట్లాడండి, ఆడించండి. దానికి ఖర్చు లేదు. ఈ నెల తూకం రోజు ఎప్పుడో అంగన్‌వాడీలో అడిగి, పక్కింటి తల్లికి కూడా చెప్పండి.