పెరటిలో ఆస్పరాగస్ – కోత కంటే ముందు ఓర్పు

తాటి తేగను ఎరుగని తెలుగువారుండరు. అటువంటి తేగ ఒకటి ఆకుపచ్చని రంగులో, చిటికెన వేలి లావున, పెరటి మడిలో నేలను చీల్చుకొని నిటారుగా లేచినట్లు ఊహించుకోండి. అదే ఆస్పరాగస్. మన వైద్యంలో వాడే శతావరి, అనగా పల్లెల్లో పిల్లిపీచర, పిల్లితేగ అని పిలిచే ముళ్ళ తీగ, దీనికి దగ్గరి చుట్టమే. శతావరిని దుంపల కొరకు పెంచుతారు. ఆస్పరాగస్‌ను లేత కాడల కొరకు పెంచుతారు. పూలగుత్తులలో అలంకారానికి వాడే సన్నని నూగాకు మొక్క కూడా ఈ జాతిదే గాని, అది కూరకు పనికిరాదు. కనుక విత్తనం కొనేటప్పుడు కూర రకమేనా అని అడిగి తెలుసుకోవడం మొదటి జాగ్రత్త.

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరి పట్టణంలో ఫ్రెంచి వంటకాలు వడ్డించే భోజనశాలలు నేటికీ ఉన్నాయి. ఆ వంటలో ఆస్పరాగస్‌కు మంచి ఆదరణ ఉంది. కాబట్టి దీనిని పెంచి అమ్మాలన్న ఆశ ఇక్కడ కొందరికి కలగడం సహజం.

2024 ఆగస్టులో ముత్యాల్‌పేట నుండి ఒక విశ్రాంత మిల్లు కార్మికుడు మా శాఖకు వచ్చారు. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబం. తడిగుడ్డలో చుట్టిన నాలుగు కాడలను నా బల్లపై ఉంచి, “మా పెరట్లోవి సార్. అర ఎకరం కౌలుకు మాట్లాడుకున్నాను. అప్పు ఇప్పించండి” అన్నారు. మరునాడు వెళ్ళి చూశాను. రెండు మడులు ఉన్నాయి. బావి పక్కన నేలమట్టపు మడిలో 11 మొక్కలు, ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు చేసిన మడిలో 12 మొక్కలు. 2023 జనవరిలో విత్తినవి. “ఒక వానకాలం గడవనివ్వండి, తరువాత మాట్లాడుకుందాం” అని చెప్పి వచ్చాను. ఆయన ముఖం చిన్నబోయింది.

ఓర్పు ఎందుకు?

మనం తినే కాడ ఆ మొక్క పిలక. నేలలోని దుబ్బు, వేళ్ళు దాచుకున్న ఆహారంతోనే అది పైకి వస్తుంది. కోయకుండా వదిలితే అదే కాడ కొమ్మలు వేసి, నూగువలె విచ్చుకొని, ఎండలో ఆహారం తయారుచేసి తిరిగి వేళ్ళకు పంపుతుంది. పిలకలన్నీ కోస్తే వేళ్ళకు చేరేదేమీ ఉండదు. ఏటికేడు కాడలు సన్నబడి దుబ్బు నశిస్తుంది. ఈ కారణం చేతనే చలి దేశాలలో విత్తనం వేసిన మూడవ ఏట గాని నిండు కోత మొదలుపెట్టరు. ఓర్చినవారికి అదే దుబ్బు 10 ఏళ్ళకు పైగా కాపునిస్తుంది.

చలి దేశాలలో శీతకాలం మొక్కకు విశ్రాంతినిస్తుంది. మన తీరంలో అటువంటి విశ్రాంతి లేదు. థాయ్‌లాండ్, తైవాన్ వంటి వెచ్చని దేశాల రైతులు దీనికి తల్లికాడల పద్ధతిని అనుసరిస్తారు. ప్రతి దుబ్బుకు బలమైన 3 నుండి 5 కాడలను పెరగనిచ్చి, తరువాత వచ్చే పిలకలను మాత్రమే కోస్తారు. తల్లికాడలు ముదిరి పసుపుబారినప్పుడు తీసివేసి, కొత్తవాటిని నిలుపుకుంటారు. మన పెరళ్ళకు తగినది ఈ పద్ధతే.

పెంపకం

పుదుచ్చేరిలో అధిక వర్షం అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడుతుంది. కాబట్టి వానలు వెళ్ళిన తరువాత, జనవరిలో విత్తుకోవడం మేలు. గింజలను ఒక రోజు నీటిలో నానబెట్టి, అర అంగుళం లోతున నారుమడిలో వేయాలి. మొలకకు రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ఇసుక కలిసిన, నీరు ఇంకే నేల అనుకూలం. కొద్దిపాటి ఉప్పుదనాన్ని ఈ మొక్క ఓర్చుకుంటుంది. నీటి నిల్వను మాత్రం ఓర్చుకోలేదు. కనుక మడిని అడుగు ఎత్తు చేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడం ఇవ్వాలి. కలుపును చేతితోనే తీయాలి. పార తగిలితే పైపైన ఉండే దుబ్బు గాయపడుతుంది.

కోత

కాడ 7 లేక 8 అంగుళాలు పెరిగి, కొన ఇంకా బిగువుగా ఉండగానే ఉదయం వేళ నేలమట్టానికి కోయాలి. కొన విచ్చుకుంటే పీచుబారుతుంది. కోసినది క్షణక్షణానికి తీపి కోల్పోతుంది గనుక మొదళ్ళను నీటిలో నిలిపి చల్లని చోట ఉంచి, ఆ రోజే వండుకోవాలి. కాడలు మునుపటి కంటే సన్నగా వస్తున్నాయంటే కోత ఆపవలసిన సమయం వచ్చినట్లే. ఆడ మొక్కలకు కాసే ఎర్రని పండ్లు తినదగినవి కావు. పిల్లలను దూరంగా ఉంచండి.

వాన చెప్పిన లెక్క

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. పట్టణ వీధులు జలమయమయ్యాయి. నీరు తీసిన తరువాత ఆ పెరటికి మళ్ళీ వెళ్ళాను. నేలమట్టపు మడిలోని 11 దుబ్బులూ కుళ్ళిపోయాయి. ఎత్తు మడిలో 9 మిగిలాయి. ఆయన కౌలుకు మాట్లాడుకున్న పొలం పల్లపు నేల. “అప్పు అందివుంటే ఏమై ఉండేది సార్?” అని ఆయనే అడిగారు. పంట పోయినా వాయిదా పోదు కదా! నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

పాఠకులు గమనించవలసినది ఇదే. పెరటిలో పది మొక్కలకు అప్పు అక్కరలేదు. కానీ ఆ పది మొక్కలు మీ నేల, మీ నీరు, మీ వాన ఎటువంటివో తక్కువ ఖర్చుతో తెలియజేస్తాయి. ఆ తరువాత పొలంలో వేయదలచినవారు అప్పుకు వచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాన నీరు ఎన్ని గంటలు నిలుస్తుంది? కోసిన రోజే కొనేవారెవరు? మొదటి నిండు కోత వరకు ఇల్లు దేనితో గడుస్తుంది? ఒక్క కారులో తీర్చవలసిన పంట రుణం ఇటువంటి బహువార్షిక పంటకు పొసగదు. కాపు మొదలయ్యే వరకు వాయిదాలకు విరామమున్న దీర్ఘకాలిక రుణాన్ని గురించి మీ శాఖలో ముందుగానే విచారించండి.

ముత్యాల్‌పేట పెరటిలో మిగిలిన 9 దుబ్బుల నుండి 2025లో నిండు కాడలు వచ్చాయి. ఆయన అప్పు అడగలేదు. బావి పక్కన రెండవ మడిని కూడా అడుగు ఎత్తు చేసి, మళ్ళీ గింజలు నానబెట్టారు.