లాప్లాస్‌కు భయమెందుకు? పాక్షిక భిన్నాలు వస్తే చాలు

మన హాస్టల్లో తెలుగు మీడియం చదివి డిప్లొమాలోనో, బీటెక్‌లోనో చేరిన తమ్ముళ్ళు చాలామంది లాప్లాస్ పేరు వినగానే ఆ యూనిట్ మొత్తం వదిలేస్తున్నారు. మ్యాథ్స్ పేపరు మిగిలిపోయేది అక్కడే. నిజానికి విలోమ లాప్లాస్‌లో సగం పని ఇంటర్ 2ఏలో మనం చేసిన పాక్షిక భిన్నాలే.

ఎస్‌లో ఉన్న భిన్నాన్ని టి లోకి, అంటే కాలంలోకి, మార్చి రాయడమే విలోమం. పెద్ద భిన్నానికి పట్టికలో సూత్రం ఉండదు, చిన్న ముక్కలకు ఉంటుంది. అందుకే విడగొడతాం. (^ అంటే ఘాతం.)

(5ఎస్ + 7) / [(ఎస్ + 1)(ఎస్ + 2)] = ఏ/(ఎస్ + 1) + బి/(ఎస్ + 2)

ఏ కోసం (ఎస్ + 1)ను వేలితో మూసి, మిగతాదాంట్లో ఎస్ = −1 పెట్టండి: 2/1 = 2. బి కోసం (ఎస్ + 2)ను మూసి −2 పెడితే −3/−1 = 3. జవాబు 2ఇ^(−టి) + 3ఇ^(−2టి). ఈ మూసే పద్ధతికి ఆలివర్ హెవిసైడ్ (1850–1925) పేరుంది. ఆయన 16 ఏళ్ళకే బడి మానేసి సొంతంగా లెక్కలు నేర్చుకున్న మనిషి!

ఇక అసలు చిక్కు. వాడరేవులో లంగరు వేసిన పడవలో ఒక పక్కకు వలల మూట వేస్తే పడవ ఒరిగి, కాసేపు ఊగి, కొంచెం ఒరిగే నిలబడుతుంది. అంకెలు నేను వేసుకున్నవే:

5 / [ఎస్(ఎస్² + 2ఎస్ + 5)]

బ్రాకెట్లోది కారణాంకాలుగా విడిపోదు. దాని లవంలో బి ఒక్కటే రాస్తే చాలదు, (బి × ఎస్ + సి) రాయాలి. విడగొడితే:

1/ఎస్ − (ఎస్ + 2)/(ఎస్² + 2ఎస్ + 5)

హారం (ఎస్ + 1)² + 2² అవుతుంది. లవాన్ని కూడా (ఎస్ + 1) + 1 అని రాయాలి. మార్కులు పోయేది ఈ మెట్టు దగ్గరే. జవాబు:

1 − ఇ^(−టి) [కాస్ 2టి + ½ సైన్ 2టి]

టి = 0 అయితే విలువ 0, పడవ ఇంకా ఒరగలేదు. కాలం గడిచేకొద్దీ ఇ^(−టి) సున్నాకు చేరి 1 మిగులుతుంది, అదే చివరి ఒరుగు. కాస్, సైన్‌లు ఊగడం. ఇ^(−టి) ఆ ఊపును నీరు తగ్గించడం. పరీక్షలో ఇలా సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు.

హారంలో (ఎస్ + 1)² ఉంటే ఏ/(ఎస్ + 1), బి/(ఎస్ + 1)² అని రెండు ముక్కలూ రాయండి. 1/(ఎస్ + 1)²కి విలోమం టి × ఇ^(−టి). లవంలో ఎస్ ఘాతం హారంలో కంటే తక్కువ లేకపోతే ముందు భాగహారం చేయాలి.