దొరకని సినిమా.. వదలని గుబులు!

న్యూజెర్సీ: "ఇంతకీ దెయ్యం ఎన్నో పేజీలో వస్తుందండీ?"

ఆ ఆదివారం మా పుస్తక చర్చ ఈ ప్రశ్నతోనే మొదలైంది. అడిగినాయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. రోజూ న్యూయార్క్ వెళ్లొచ్చే రైల్లో కూర్చుని రెండు వారాల్లో నూటయాభై పేజీలు లాగించారట. "భయపెట్టే నవలన్నారు. నాకు భయం వేసింది ఒక్కసారే.. చదువుతూ చదువుతూ నిద్రపోయి మా స్టేషన్ దాటిపోయినప్పుడు!" అనేసరికి అందరం ఘొల్లుమన్నాం.

నెలకో పుస్తకం చదవడం, ఎవరో ఒకరింట్లో పదీ పన్నెండు మందిమి చేరి పులిహోర తింటూ దాని మంచీ చెడూ మాట్లాడుకోవడం మాకు చాలా ఏళ్ల అలవాటు. ఎక్కువగా తెలుగు పుస్తకాలే చదువుతాం. అప్పుడప్పుడూ ఇక్కడ పుట్టిన మా పిల్లలు "ఈసారి మేం చెప్పింది చదవాలి" అని పట్టుబడతారు. అలా మా చేతికొచ్చిందే 'సిల్వర్ నైట్రేట్'. రచయిత్రి సిల్వియా మొరేనో గార్సియా. మెక్సికోలో పుట్టి పెరిగి, కెనడాలోని వాంకూవర్‌లో స్థిరపడ్డారు. ఇంగ్లీషులో రాస్తారు. 2020లో వచ్చిన 'మెక్సికన్ గోథిక్'తో బాగా పేరొచ్చింది. ఈ నవల 2023 జులైలో వెలువడింది. ఒకరకంగా ఆవిడా మనలాంటి ప్రవాసే. వదిలి వచ్చిన నగరాన్ని కాగితం మీద మళ్లీ కట్టుకుంటున్న మనిషి. మేం ఆ పుస్తకం పట్టుకోవడానికి అదీ ఒక కారణం.

కథేమిటంటే..

1993. మెక్సికో నగరం. మోంట్సెరాట్ అనే యువతి సినిమాలకు సౌండ్ ఎడిటర్. నడకలో కొంచెం కుంటు ఉంటుంది. మగవాళ్ల పెత్తనం సాగే చోట నోరు పెట్టుకుని నెగ్గుకొస్తుంటుంది. ఆమె చిన్ననాటి నేస్తం ట్రిస్టాన్ ఒకప్పుడు టీవీ సీరియళ్ల హీరో. ఒక ప్రమాదంలో ప్రియురాలిని పోగొట్టుకున్నాడు, మొహాన మచ్చ మిగిలింది, అవకాశాలు పోయాయి. ఇప్పుడు గొంతు అద్దెకిచ్చి బతుకుతున్నాడు. అతను అద్దెకు దిగిన భవనంలోనే ఆబెల్ ఉరుయేటా అనే పాతకాలం దర్శకుడు ఉంటాడు. జర్మనీ నుంచి వచ్చిన ఒక నాజీ మాంత్రికుడి మాట నమ్మి, వెండి కలిసిన నైట్రేట్ ఫిల్ము మీద ఒక సినిమా మొదలెట్టాడాయన. అది సగంలో ఆగింది. దానితోపాటే ఆయన జాతకమూ ఆగిపోయింది. మిగిలిన రీలు మాత్రం దాచుకున్నాడు.

"ఈ దృశ్యానికి గొంతు కలిపితే ఆగిన మంత్రం పూర్తవుతుంది, పట్టిన పీడ వదులుతుంది" అంటాడు ముసలాయన. పోనీ పాపమని డబ్బింగ్ చెబుతారు. నిజంగానే కలిసొస్తుంది! కానీ వెనకాలే.. పోయిన ప్రియురాలు ట్రిస్టాన్‌కు కనిపించడం మొదలెడుతుంది. ఇంతకు మించి చెబితే చదవబోయేవాళ్ల ఉసురు మాకు తగులుతుంది.

తలో మాట

మొదటి అభిప్రాయం విన్నారుగా. "నిజమే, సగం దాకా నడక మందం" అని ఇంకో నలుగురు ఒప్పుకున్నారు. స్టూడియోలు, పాత సినిమాలు, దర్శకుల పేర్లు.. ఇవి నచ్చేవాళ్లకు పండగే. దెయ్యం కోసం వచ్చినవాళ్లకు మాత్రం పెళ్లికెళితే భోజనాలు ఆలస్యమైనట్టుంటుంది.

రిటైరైన ఒక మాస్టారు దీన్ని ఒప్పుకోలేదు. "అసలు కథంతా ఆ సౌండ్ గదిలోనే ఉంది. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన జాతి మనది. తెర మీద ఒకరు, గొంతు మరొకరిది. ఆ గొంతు ఎవరిదో మనలో ఎంతమందికి తెలుసు? ఆ తెలియని గొంతుకే మంత్రశక్తి ఉందని ఊహించడం ఎంత బావుంది!" అన్నారు. రచయిత్రి తల్లిదండ్రులిద్దరూ రేడియోలో పనిచేసినవాళ్లే. చప్పుడు మీద ఆవిడకున్న శ్రద్ధ అక్కడి నుంచే వచ్చి ఉంటుందన్నది మా అందరి ఊహ.

పుస్తకం ఎంపిక చేసిన అమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఆమెకు దెయ్యం సంగతే పట్టలేదు. "మోంట్సెరాట్ అందగత్తె కాదు, మెతక మనిషీ కాదు. పని బాగా చేస్తుంది, అయినా షిఫ్టులు తగ్గిస్తారు. ఒంట్లో బాగాలేని అక్కను చూసుకుంటుంది. నాకు ఆ మనిషి కావాలి" అంది ఖరాఖండీగా. వాళ్లమ్మ ఓ క్షణం కూతురి వైపు చూసి, పకోడీల పళ్లెం ముందుకు జరిపారు.

మాంత్రికుడి దగ్గర మాత్రం పెద్ద తగువే అయింది. "విఠలాచార్య సినిమాలు చూసిన కళ్లండీ ఇవి! మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందంటే నమ్మాం. ఎలా పెట్టాడని అడిగామా? ఈవిడ మంత్రానికి కూడా మాన్యువల్ రాసింది" అని ఒకాయన విసుక్కున్నారు. దానికి ఒకావిడ జవాబు: "మన మాంత్రికుడికి రాజకుమారి కావాలి, అంతే. ఈ మాంత్రికుడికి తన జాతే గొప్పదన్న పిచ్చి. ఆ పిచ్చి ఎంత దాకా పోతుందో లోకం ఒకసారి చూసింది. అందుకే అంత వివరం." ఇద్దరూ చివరిదాకా రాజీ పడలేదు.

అసలు భయం ఎక్కడ?

ఇలా వాదించుకుంటుంటే మాస్టారు అందుకున్నారు. "దెయ్యం సంగతి వదిలేయండి. ఆ ఫిల్ము సంగతి మాత్రం కల్పన కాదు" అంటూ చెప్పుకొచ్చారు. 1950ల ఆరంభం దాకా సినిమాలు ఎక్కువగా నైట్రేట్ ఫిల్ము మీదే తీసేవారు. అంటుకుందంటే ఆరదు. మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది కాబట్టి నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. తగలబడకపోతే, లోపల్లోపలే కుళ్లి జిగురై, చివరికి పొడి అయిపోతుంది. అదీ కాకపోతే, ఫిల్ములో ఉండే వెండి కోసం ఆడటం అయిపోయిన రీళ్లను అమ్మేసేవాళ్లూ ఉండేవారు.

మెక్సికో నగరంలోనే 1982 మార్చి 24న ఆ దేశపు సినిమా భాండాగారం సినెటెకా నేషనల్ అంటుకుంది. వేల సినిమాలు బూడిదయ్యాయి. ఆ నగరంలోనే, ఆ తర్వాత పదకొండేళ్లకు ఈ నవల మొదలవుతుంది.

అంత దూరం ఎందుకు? మా న్యూజెర్సీలోనే, ఎడిసన్ నుంచి గంటలోపు దూరంలో ఉన్న లిటిల్ ఫెర్రీలో 1937 జులై 9న ఫాక్స్ కంపెనీ గోదాము ఎండవేడికి తనంతట తానే అంటుకుంది. ఆ కంపెనీ మూకీ సినిమాలు చాలా వరకూ ఆ ఒక్క రాత్రిలో పోయాయి. అప్పట్లో పెద్ద తార థీడా బారా. ఆవిడ నటించినవాటిలో ఇప్పుడు చూడటానికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1893లో ఎడిసన్ మహాశయుడు అమెరికాలో మొట్టమొదటి సినిమా స్టూడియో కట్టింది ఈ రాష్ట్రంలోనే. సినిమా పుట్టిన చోటే సినిమాలకు చితి పేరిందన్నమాట! అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఈ దేశపు పెద్ద మూకీ చిత్రాల్లో తొలి రూపంలో పూర్తిగా మిగిలినవి నూటికి 14 మాత్రమే.

"మరి మనవి?" అని ఎవరో అడిగారు. అప్పటిదాకా ఉన్న సందడి కాస్త తగ్గింది.

మన ప్రహ్లాదుడు ఏడీ?

తెలుగువారి తొలి మూకీ చిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ', 1921. లేదు. తొలి టాకీ 'భక్త ప్రహ్లాద', హెచ్.ఎం.రెడ్డి తీసింది, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. అదీ లేదు. హిందీ తొలి టాకీ 'ఆలం ఆరా' కూడా లేదు. పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లు 2003 జనవరి 8న అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. పి.కె.నాయర్ లాంటి వారు ఊరూరా తిరిగి రీళ్లు పోగుచేయకపోతే మిగిలిన ఆ కొన్నీ ఉండేవి కావు.

"మా అమ్మమ్మ ఆ 'భక్త ప్రహ్లాద' చూసిందండీ."

అన్నది మా అందరికీ అక్కయ్య లాంటి ఒకావిడ. అప్పటిదాకా నోరు విప్పలేదు. అమ్మమ్మకు అప్పుడు పదకొండేళ్లట. బెజవాడలో చూసిందట. స్తంభం పగిలేసరికి ముందు వరసలో కూర్చున్నవాళ్లు లేచి వెనక్కి పరుగెత్తారని, తాను మాత్రం కళ్లు మూసుకుని మాటలే విన్నానని చెప్పేదట. "వేసవి సెలవుల్లో ప్రతిసారీ చెప్పించుకునేవాళ్లం. పెద్దయ్యాక నాకో అనుమానం. ప్రహ్లాదుడి కథ 1942లోనూ తీశారు, 1967లోనూ తీశారు. ఆవిడ చూసింది నిజంగా మొదటిదేనా? అడుగుదామంటే అమ్మమ్మ లేదు. చూద్దామంటే సినిమా లేదు."

ఆ మాటతో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మంత్రాల నవల ఎన్ని వందల పేజీలున్నా మాలో పుట్టించలేని గుబులు అదే.

"అమ్మమ్మ గొంతు ఎక్కడైనా ఉందా అక్కయ్యా?" అని అడిగాం. ఉందట. 1987లో జరిగిన అక్కయ్య పెళ్లి క్యాసెట్‌లో. అమెరికా వచ్చాక ఒక్కసారీ చూడలేదు. ఎందుకంటే అక్కడి క్యాసెట్ పాల్ పద్ధతి, ఇక్కడి వీసీఆర్‌లు ఎన్‌టీఎస్‌సీ. "మార్పిద్దాం, మార్పిద్దాం అనుకుంటూనే ముప్ఫై ఏళ్లు దాటాయి. బేస్‌మెంట్లో అట్టపెట్టెలో ఉంది." మాలో చేతులెత్తమంటే పన్నెండు మందిలో తొమ్మిదిమంది ఇళ్లలో అలాంటి పెట్టే ఉందని తేలింది!

పదకొండు నిమిషాలు

క్యాసెట్ తెరిచి చూస్తే టేపు మీద తెల్లగా బూజు. రెండు పద్ధతులూ ఆడించగల పాత యంత్రమున్న ఒక షాపు వెతికి ఇచ్చాం. మూడు వారాల తర్వాత, మూడు గంటల పెళ్లిలో పదకొండు నిమిషాలు చేతికొచ్చాయి. బొమ్మ సగం వరకూ చారలే, మనుషులు అలల్లో ఉన్నట్టు ఊగుతున్నారు. మాట మాత్రం స్పష్టంగా ఉంది.

తర్వాతి నెల అక్కయ్య ఇంట్లోనే కలిశాం. టీవీ ముందు అందరం కింద కూర్చున్నాం. సన్నాయి, పిల్లల గోల, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. వీడియో అతను కాబోలు "మామ్మగారూ, ఏదైనా చెప్పండి" అన్నాడు. చారల మధ్య నుంచి తెల్లచీర ఒకటి కదిలింది. "నేను చెప్పేదేముంది నాయనా! ముందు ఆ మేళం వాళ్లకి మజ్జిగ పొయ్యండర్రా, పొద్దుటి నుంచీ వాయిస్తున్నారు" అంది.

అక్కయ్య ఆ ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి వేయించారు. ప్రహ్లాదుడి ఊసు అందులో ఎక్కడా లేదు. అమ్మమ్మ చూసిన సినిమా ఏదో ఇక తేలదు. పెళ్లికూతురు కనిపించే భాగం కూడా పోయింది. "నేను లేకపోతే పోయాను లెండి" అని అక్కయ్యే నవ్వేశారు.

ఇక పుస్తకం మీద మా తీర్పు: పన్నెండు మందిలో ఏడుగురు చదవమంటున్నారు, ముగ్గురు సగం నుంచి మొదలెట్టమంటున్నారు, ఇద్దరికి నచ్చలేదు. మన ఇంజినీరుగారు చివరిదాకా చదివేశారు. దెయ్యం మీద తన అభిప్రాయం మార్చుకోలేదు.

పాఠకులకు ఒక మాట. వీసీఆర్‌లు తయారుచేసే ఆఖరి కంపెనీ కూడా 2016లోనే ఆ పని మానేసింది. ఆడించే యంత్రాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. 1927 నాటి జర్మన్ సినిమా 'మెట్రోపొలిస్'లో పోయాయనుకున్న దృశ్యాలు 2008లో బ్యూనస్ ఎయిర్స్ మ్యూజియంలో దొరికాయి. అక్కడ ఎవరో దాచారు కాబట్టి దొరికాయి. మన పెళ్లి క్యాసెట్లకు మ్యూజియాలు ఉండవు, మన బేస్‌మెంట్లే. వచ్చే నెల మేం పుస్తకంతోపాటు తలో పెట్టే తెచ్చుకుంటున్నాం. మీ అట్టపెట్టె కూడా ఈ వారాంతంలో ఒకసారి తెరిచి చూడండి.