కుబుసం విడవనివ్వని మందు

మొన్న రాయచోటి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వంగతోటకు మందు కొట్టి మూడు దినాలాయ. ఎర్రనల్లి ఇంకా తిరుగుతానే ఉంది. నకిలీ మందేమో!"

నాలుగేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే కంగారుపడ్డాను. సౌదీలో తాయిఫ్ పక్కన అల్ హదా కొండ మీద, గులాబీ మజ్రాలో (తోటలో) నా పని. వసంతంలో తెల్లవారుజామున పూలు కోసి, అదే రోజు బట్టీ పెట్టి పన్నీరు, అత్తరు తీస్తారు. ఈ గులాబీ సంప్రదాయాన్ని 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

పొడి ఎండలు ముదిరితే ఆకుల మీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు వస్తాయి. ఆకు తిప్పితే సన్నటి గూడు, అందులో అర మిల్లీమీటరు నల్లి. ఎనిమిది కాళ్ల ఈ జీవి సాలీడుకు చుట్టం. వేడికి పది రోజుల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది. ఒక్క ఆడనల్లి వంద గుడ్ల దాకా పెడుతుంది.

ఆ ఏడు నేను కొట్టిందీ, ఇప్పుడు తమ్ముడు కొట్టిందీ ఎటాక్సజోల్. అది పెరుగుదలను ఆపే మందు. పిల్లనల్లి పెద్దదయ్యేలోపు మూడుసార్లు కుబుసం విడవాలి. కొత్త చర్మానికి కైటిన్ కావాలి. ఈ మందు దాన్ని తయారు కానివ్వదు. పిల్లలు కుబుసం విడవలేక చస్తాయి, గుడ్ల నుంచి పిల్లలు రావు. పెద్దనల్లి మాత్రం చావదు. కానీ మందు తగిలిన ఆడనల్లి పెట్టే గుడ్లు చాలావరకు మురిగిపోతాయి. అందుకే కొన్నాళ్లు ఆకు మీద నల్లి కనిపిస్తూనే ఉంటుంది.

అది తెలియక నాలుగో రోజే ఘాటైన పురుగుమందు కొట్టాను. నల్లిని తినే అక్షింతల పురుగులు, వేటనల్లులు పోయాయి. మూడు వారాల్లో నల్లి మునుపటికంటే ఎక్కువైంది.

మరో ప్రమాదం ఉంది. కైటిన్ తయారుచేసే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమినో ఆమ్లం మారితే నల్లికి ఈ మందు పనిచేయదని 2012లో శాస్త్రవేత్తలు తేల్చారు. పదే పదే అదే మందు కొడితే మిగిలేవి అలాంటి నల్లులే.

తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. గుడ్లు, పిల్లలు ఉన్నప్పుడే, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఒకే పంటకాలంలో మళ్లీ అదే మందు వాడకండి. డబ్బా మీద రాసిన మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు తప్పకండి. మందు పనిచేసిందో లేదో పెద్దనల్లిని చూసి తేల్చకండి. వారం తర్వాత ఆకు తిప్పి, పిల్లలున్నాయో లేదో చూడండి.