అమ్మ వచ్చేది అయిదు నిమిషాలే!

అరచేతిలో రెండు పడతాయి. బరువు తూస్తే ఒక్కోటీ 50 గ్రాములు అటూఇటూ. ఒంటిమీద నూగు లేదు, కళ్లు తెరుచుకోలేదు, చెవులు తలకి అతుక్కుని ఉన్నాయి. ఇంత పసికూనల్ని కన్న తల్లేమో గూటికి ఆ మూలన కూర్చుని తాపీగా గడ్డి నములుతుంటుంది. పిల్లల పెట్టెకేసి కన్నెత్తి చూడదు!

పెరట్లో మొదటిసారి కుందేలు ఈనిన ఇంట్లో కంగారు ఇక్కడే మొదలవుతుంది. ‘తల్లి పాలివ్వట్లేదు’ అంటూ ఒకరు ఆవుపాలు కాస్తారు. ఇంకొకరు దూదివత్తి వెతుకుతారు. వీధిలో పిల్లలంతా చూడ్డానికి వస్తారు. ఇంతమంది ప్రేమనీ తట్టుకోలేక మూడోరోజుకి కొన్ని కూనలు కన్నుమూస్తాయి. నింద మాత్రం తల్లిమీద పడుతుంది.

నిజానికి అది తల్లిగా చేయాల్సిందే చేసింది. మనకే దాని తీరు తెలీదు. తెలియకపోవడానికి ఓ కారణం ఉంది. మనం రెండు జంతువుల్ని ఒకే పేరుతో పిలుస్తాం. పలాస జీడితోటల్లోనో, విజయనగరం వైపు కొండవార చేలల్లోనో చటుక్కున కనిపించి మాయమయ్యే చెవులపిల్లి మన నేల కుందేలు. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెతా దాని గురించే. (దాన్ని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కాళ్లెన్నో లెక్కపెట్టే పని మనకి వద్దు!) గూళ్లలో పెంచే తెల్లకుందేలు వేరే జాతి. దాని పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. నేలలో బొరియ తవ్వుకుని, చీకట్లో, ఏమీ ఎదగని పిల్లల్ని కనడం వాటి పద్ధతి.

బొరియ దగ్గర తల్లి ఎక్కువసేపు తచ్చాడితే ఆ వాసన పట్టుకుని నక్క వస్తుంది. అందుకే రోజుకి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు, ఎక్కువగా రాత్రో తెల్లవారుజామునో వస్తుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. మన పెరట్లో నక్క లేదని దానికి ఎవరు చెబుతారు? పాలు మాత్రం మామూలువి కావు. ఆవుపాలతో పోలిస్తే వెన్న, మాంసకృత్తులు సుమారు మూడింతలు. పిల్లలూ తక్కువవి కావు. కళ్లు లేకపోయినా వాసనతోనే క్షణాల్లో చన్ను అందుకుంటాయి. తల్లిపాలలో వాటిని అలా పిలిచే వాసన పదార్థమేదో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2003లో గుర్తించారు కూడా. ఆ కాస్త పాలతోనే వారం తిరిగేసరికి బరువు రెట్టింపవుతుంది.

చూడాల్సింది పొట్టనే

కాబట్టి తల్లి ఎక్కడుందని చూడకండి, పిల్లల పొట్ట చూడండి. రోజూ పొద్దున్నే, ఒక్కరే, ఒక్కసారే. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, బిగుతుగా ఉంటుంది. పల్చటి చర్మం కింద తెల్లటి పాలు కనిపిస్తాయి కూడా. తాగని దాని పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడుతుంది. పనిలోపనిగా లెక్కపెట్టాలి. చనిపోయింది ఉంటే వెంటనే తీసేయాలి. ‘మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదు’ అన్న భయం చాలామందికి ఉంటుంది. రోజూ మేత వేసే చెయ్యి దానికి కొత్తకాదు. చేతులు కడుక్కుని, గూట్లోని గడ్డికి రుద్దుకుని ముట్టుకుంటే చాలు. అలాగని చుట్టాలందరికీ చూపించమని కాదు!

అన్ని పొట్టలూ ఖాళీగా ఉంటే తల్లిని మెల్లగా పెట్టెలో కూర్చోబెట్టి కదలకుండా పట్టుకుంటే పిల్లలే వెతుక్కుంటాయి. పొదుగు వేడిగా, గట్టిగా ఉంటే అది పొదుగువాపు. చిట్కాలు వద్దు, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఒకటి రెండే పస్తున్నాయంటే పిల్లలు ఎక్కువై ఉండొచ్చు. తల్లికి సాధారణంగా ఎనిమిది నుంచి పది చన్నులుంటాయి. ఒకే రోజుల్లో ఈనిన ఇంకో తల్లి ఉంటే ఆ గూట్లోని బొచ్చుతో ఒళ్లు రుద్ది అందులో కలిపేయొచ్చు. మొదటి మూడు రోజుల్లో అయితే ఆ దత్తత బాగా కుదురుతుంది. అందుకే రెండు ఆడవాటిని ఒకేసారి కట్టించడం తెలివైన పని. సీసాపాలు చివరి మార్గం. తొందరపడి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చలి ఇంకో శత్రువు. బొచ్చు వచ్చేదాకా ఒంటి వేడి నిలుపుకోవడం వాటికి చేతకాదు. ఒకదానికొకటి ముడుచుకుని పడుకుంటేనే బతుకుతాయి. పాలు తాగుతుండగా తల్లి గభాలున బయటికి దూకితే చన్ను వదలని పిల్ల గూట్లోకి జారి పడిపోతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. కుందేలు ఒక్క అడుగు కూడా మోయదు. పడిన పిల్ల అక్కడే బిగుసుకుపోతుంది. చచ్చిందని పారేయకండి. ముందు గుప్పిట్లో, తర్వాత గుడ్డ చుట్టిన వేణ్నీళ్ల సీసా పక్కన వెచ్చబరిస్తే కాసేపటికి కదిలేవీ ఉంటాయి. చల్లబడిన పిల్లకు పాలు మాత్రం పోయకూడదు.

ఈ పాట్లు తగ్గాలంటే పెట్టె సరిగా ఉండాలి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్కపెట్టె చాలు. ముందువైపు అంచు జానెడు కంటే కాస్త తక్కువ ఎత్తుంటే పిల్లలు సులువుగా జారవు. అడుగున సన్నటి రంధ్రాలు పెట్టి ఎండు వరిగడ్డి పరచాలి. ఉద్దానంలో కొబ్బరిపీచుకు కొదవలేదు కానీ పొడుగు పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. వేస్తే చిన్నచిన్నగా కత్తిరించాల్సిందే. కట్టించిన తేదీ క్యాలెండర్‌లో రాసుకుని 28వ రోజున పెట్టె గూట్లో పెట్టాలి. 30 నుంచి 32 రోజుల్లో ఈనుతుంది. అంతకుముందే తల్లి తన పొట్టమీది బొచ్చు పీకి పరుపు వేసుకుంటుంది. ఆ బొచ్చు తీసి పారేయొద్దు. ఈనే వేళ నీళ్లు నిండుగా ఉండాలి. దాహంతోనో బెదురుతోనో కొన్ని తల్లులు పిల్లల్ని కొరికేస్తాయి. గూటి కాళ్లకింద నీళ్ల పళ్లాలు పెడితే చీమలు ఎక్కవు. చీమలు పట్టిన కూన బతకడం కష్టం.

తుపాను నెలలో పురుడు

మన రెండు జిల్లాల్లో వేసవి ఈతలు కష్టం. 30 డిగ్రీలు దాటితే కుందేలు అవస్థ పడుతుంది. మరీ ఎండగాస్తే మగవాటికి సంతానశక్తి కొన్నాళ్లు తగ్గిపోతుంది. తడిపిన గోనెపట్టాలు కట్టి ఎలాగో గట్టెక్కించి, వానలు తగ్గాక కట్టించడం మేలు. అయితే అప్పుడే ఇంకో గండం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. చలికాలం ఈతలు మొదలయ్యే నెల అదే! జల్లు కొట్టి పరుపు తడిస్తే పెద్దవి తట్టుకుంటాయి, కూనలు తట్టుకోవు. ఒక సంచి నిండా పొడిగడ్డి మూతికట్టి అటకమీద ఉంచుకోవాలి. వానకి తడిసి బూజుపట్టిన వేరుశనగ చెక్క మాత్రం తల్లికి పెట్టొద్దు. ఆ బూజు విషానికి కుందేలు తొందరగా లొంగిపోతుంది.

జతలు అమ్మేవాళ్లు చెప్పే లెక్కలన్నీ పుట్టే పిల్లలతో ఉంటాయి. ‘ఈతకి ఎనిమిది, ఏడాదికి ఇన్ని, మేమే తిరిగి కొంటాం’ అంటారు. ఇలాంటి మాటలు నమ్మి ఈము పక్షుల్ని కొన్నవాళ్లు 2012 నాటికి ఏమయ్యారో ఆంధ్ర, తమిళనాడు రైతులకు తెలుసు. పాలు మరిచేదాకా బతికినవే మనకు మిగిలేవి. రెండు మూడు తల్లులతో మొదలుపెట్టి ఆ సంఖ్య రాసుకుంటే సంగతి తేలిపోతుంది. జబ్బుల విషయంలో సందేహం వస్తే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

పదో రోజు నుంచి పన్నెండో రోజులోగా కళ్లు తెరుచుకుంటాయి. అంటుకుపోతే కాచి చల్లార్చిన నీటిలో దూది తడిపి మెల్లగా తుడవాలి. మూడో వారంలో పెట్టె దూకి బయటికొచ్చి తల్లి మేతలో మూతి పెడతాయి. అప్పుడు గూడు తడిగా, మురికిగా ఉంటే నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి. నెల దాటాక పాలు మాన్పించేటప్పుడు పిల్లల్ని కాకుండా తల్లిని వేరే గూటికి మార్చాలి. తెలిసిన చోటే ఉంటే బెంగ తక్కువ. అవి తేరుకుని మళ్లీ గడ్డికి ఎగబడేదాకా మేత మార్చకూడదు, అమ్మకానికీ పెట్టకూడదు.