నాడీశాస్త్ర పరిశోధనలో శిక్షణ: అవకాశం అందని విద్యార్థులకు దారి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• పరిశోధన నేర్చుకోవడానికి పాఠ్యపుస్తకం ఒక్కటే ఎందుకు చాలదో వివరించగలుగుతారు.
• డిగ్రీ స్థాయి పరిశోధన శిక్షణలోని ముఖ్యాంశాలను పేర్కొనగలుగుతారు.
• అటువంటి పథకం ఫలితాన్ని ఎలా అంచనా వేస్తారో చెప్పగలుగుతారు.

1. పరిచయం

నాడీకణం గురించి మీరు చదివిన ప్రతి వాక్యం వెనుక ఎవరో ఒకరు ప్రయోగశాలలో పడిన శ్రమ ఉంది. ఆ శ్రమ చేసే అవకాశం అందరికీ సమానంగా దొరుకుతోందా? అమెరికాను పరిశీలిద్దాం. అక్కడ నల్లజాతివారు, హిస్పానిక్‌లు, ఆదివాసులు జనాభాలో తమకున్న వాటా కంటే పరిశోధకుల్లో చాలా తక్కువగా ఉన్నారు. ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్.ఐ.హెచ్.) వైకల్యం ఉన్నవారిని, వెనుకబడిన కుటుంబాల నుంచి వచ్చినవారిని కూడా ఈ కోవలో చేర్చాయి. దీనికి కారణం తెలివితేటల లోపం కాదు. ప్రయోగశాల గడప దాటే వీలు లేకపోవడమే ముఖ్య కారణం. ఎందుకో చూద్దాం.

2. చేతితో నేర్చుకోవలసిన విద్య

1991లో నోబెల్ బహుమతి అందుకున్న నెహెర్, సాక్‌మన్‌లు రూపొందించిన ప్యాచ్ క్లాంప్ పద్ధతిని ఉదాహరణగా తీసుకోండి. ఎలుక మెదడును సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం గల ముక్కలుగా కోసి, ఆక్సిజన్ నింపిన లవణద్రావణంలో సజీవంగా ఉంచుతారు. సుమారు 1 మైక్రోమీటరు మొన గల గాజునాళికను ఒక కణం పొరకు ఆనించి, మెల్లగా పీల్చి అతికిస్తారు. అప్పుడే ఆ కణంలోని విద్యుత్ ప్రవాహాన్ని కొలవగలరు. చెయ్యి కాస్త వణికినా కణం పాడవుతుంది. ఇది పక్కన నిలబడి చూపించేవారు ఉంటే, నెలల సాధనతో పట్టుబడే పని.

ఇప్పుడు ఒక పేద విద్యార్థిని ఊహించుకోండి. వేసవిలో దుకాణంలో పనిచేస్తేనే ఆమెకు ఫీజు సమకూరుతుంది. జీతం లేకుండా ప్రయోగశాలలో ఎలా చేరుతుంది? చేరగలిగినవారికి అనుభవం, సిఫారసు లేఖ దక్కుతాయి. పిహెచ్.డి. ప్రవేశాల్లో వాటికే విలువ. ఆ విధంగా తొలి అడుగులోని తేడా చివరిదాకా పెరుగుతూ పోతుంది.

3. శిక్షణలోని అంశాలు

ఈ తేడాను తగ్గించడానికి ఎన్.ఐ.హెచ్. 2010లో నాడీశాస్త్రం కోసం ‘ఎండ్యూర్’ అనే పథకాన్ని ప్రారంభించింది. ఇటువంటి శిక్షణలో నాలుగు అంశాలు ముఖ్యం:

(అ) భృతి: వేరే పని వెతుక్కోకుండా పరిశోధనకు సమయం ఇస్తుంది.
(ఆ) నిజమైన ప్రశ్న: సీసాలు కడిగే సహాయకుడిగా కాక, జవాబు తెలియని సమస్యపై పనిచేయాలి.
(ఇ) మార్గదర్శి: ప్రయోగం విఫలమైతే ఏం చేయాలో, దరఖాస్తు ఎలా రాయాలో చెప్పేవారు ఉండాలి.
(ఈ) తోటివారు, సదస్సులు: తనవంటివారిని కలవడం, తన ఫలితాన్ని పోస్టరుగా పదిమంది ముందు ఉంచడం.

ఇవి గొలుసులోని కొక్కేల వంటివి. భృతి ఇచ్చి మార్గదర్శిని ఇవ్వకపోతే విద్యార్థి నిలవలేడు. మార్గదర్శి ఉన్నా భృతి లేకపోతే అసలు రాలేడు.

4. ఫలితాన్ని కొలవడం

మేరీలాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీలో 1988లో ఏర్పడిన మేయర్‌హాఫ్ పథకం అన్ని విజ్ఞానశాస్త్రాలకూ చెందినది. మొదట నల్లజాతి యువకుల కోసం పెట్టిన ఈ పథకాన్ని 1996లో అందరికీ తెరిచారు. ఇందులో చదివిన కఫుయి జిరాసా 2007లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి న్యూరోబయాలజీలో పిహెచ్.డి. పొందిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి: ముందే చురుకైనవారిని ఎంచుకుంటే, విజయం పథకానిదా, విద్యార్థులదా? అందుకే పరిశోధకులు వారిని, సీటు ఇచ్చినా చేరక వేరేచోట చదివిన విద్యార్థులతో పోల్చారు. పథకంలో చేరినవారు విజ్ఞానశాస్త్రాల పిహెచ్.డి. వైపు వెళ్లే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువని తేలింది. ఈ పోలిక కూడా సంపూర్ణం కాదు. చేరనివారి అభిరుచులు మొదటినుంచీ వేరు కావచ్చు. అయినా విజేతల జాబితా చదవడం కంటే ఇది ఎంతో నమ్మదగినది.

5. పరిమితి

డిగ్రీలో శిక్షణ తలుపు తెరుస్తుంది. ఆ తరవాతి మెట్లన్నిటినీ సరిచేయలేదు. చదువు, అనుభవం వంటివి లెక్కలోకి తీసుకున్న తరవాత కూడా నల్లజాతి పరిశోధకులకు ఎన్.ఐ.హెచ్. నిధులు దక్కే అవకాశం సుమారు 10 శాతం పాయింట్లు తక్కువని 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది.

6. సారాంశం

పరిశోధన గురుముఖతః నేర్చుకునే విద్య. సమయం, సమస్య, మార్గదర్శి, తోడు కలిసి దొరికినప్పుడే ప్రతిభ రాణిస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివే మీకు ఈ మాట కొత్త కాదు. మన దేశంలోనూ విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. ప్రకటనలోని అర్హతలు చూసి, వీలుంటే దరఖాస్తు చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్యాచ్ క్లాంప్ పద్ధతిని చదివి మాత్రమే ఎందుకు నేర్చుకోలేం?
2. సీటు వచ్చినా చేరనివారితో పోల్చడం వల్ల ఏ సందేహం తగ్గుతుంది? ఏది మిగులుతుంది?
3. పై నాలుగు అంశాల్లో మీ చదువులో లోపించినది ఏది? ఐదు వాక్యాల్లో రాయండి.